ఇంటి దగ్గరే కారు పెట్రోల్ లైన్ లీకు సరిచేసుకోవడం: నా అనుభవం

పొద్దున స్టార్ట్ చేయగానే పెట్రోల్ వాసన గుప్పుమని, బండి కదిలాక పోతోందంటే లీకు ఆగిందని కాదు, గాలికి చెదిరిపోతోందని అర్థం. దీనికి తోడు ఇంకో లక్షణం కూడా ఉంటుంది. దాన్ని చాలామంది బ్యాటరీ వీకయిందనో, ప్లగ్గులు పోయాయనో అనుకుని వదిలేస్తారు. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున సెల్ఫ్ ఎక్కువసేపు తిప్పితేగానీ అందుకోదు. అదే బండి వేడి మీద ఉన్నప్పుడు ఒక్క దెబ్బకే అందుకుంటుంది. ఎంపీఎఫ్ఐ పెట్రోల్ కార్లలో, అంటే కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లనే చిన్న ముక్కులు పెట్రోల్‌ని చిమ్మే కార్లలో, ట్యాంకులోని పంపు పెట్రోల్‌ని సుమారు 3 బార్ల ప్రెషర్‌తో ఇంజెక్టర్ల దాకా నెడుతుంది. ఇంజన్ ఆపాక కూడా ఆ ప్రెషర్ చాలాసేపు లైన్లో నిలవాలి. ఎక్కడైనా సన్నగా కారుతుంటే రాత్రికి దిగిపోతుంది, పొద్దున మళ్లీ ఎక్కడానికి టైమ్ పడుతుంది. పంపు లోపలి వాల్వు పాడైనా, ఇంజెక్టర్ లోపలికి కారుతున్నా ఇలాగే జరుగుతుంది గానీ, వాటికి బయట వాసన రాదు. వాసనా ఉండి పొద్దున మొండికేయడమూ ఉంటే లీకు బయటే ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

మా పదేళ్లు దాటిన హ్యాచ్‌బ్యాక్‌లో ఈ రెండూ కలిసే వచ్చాయి. లీకు ఉన్నది ఇంజన్ గదిలో, వెనకనుంచి వచ్చే స్టీలు పైపుకీ ఇంజెక్టర్ రైలుకీ (ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోల్ పంచే గొట్టం) మధ్య ఉన్న జానెడు రబ్బరు హోస్‌లో. ఇంట్లో సరిచేసుకోదగ్గ లీకుల్లో అన్నిటికన్నా తేలిక ఇదే, తరచుగా వచ్చేదీ ఇదే. ఆ పని ఎలా చేశానో, ప్రతి మెట్టూ ఎందుకు అలాగే ఉండాలో రాస్తున్నాను.

ఇంట్లో ముట్టుకోకూడనివి ముందే చెప్పాలి. సీఎన్జీ లైను జోలికి అసలు పోకండి, సిలిండర్‌లో 200 బార్ల దాకా ప్రెషర్ ఉంటుంది. కామన్ రైల్ డీజిల్ కార్లలో పంపు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే ఉక్కు పైపుల్లో 1,000 బార్లు దాటే ఉంటుంది. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా వేలు తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం అది. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో కూడా ఇంజన్ మీది పంపు దాటాక ఉండే లైను వర్క్‌షాప్ పనే. ఇక ట్యాంకుకే చిల్లు పడితే ఇంట్లోనూ వద్దు, రోడ్డు పక్క వెల్డింగ్ షాపులోనూ వద్దు. పెట్రోల్ తీసేసిన ఖాళీ ట్యాంకు నిండా ఆవిరే ఉంటుంది, వెల్డింగ్ మంట తగిలితే పేలుతుంది. వారంటీలో ఉన్న బండి అయితే మీరు చెయ్యి పెట్టకండి. పాత బండి అయినా సరే, మొదట కంపెనీ వెబ్‌సైటులో చాసిస్ నంబరు కొట్టి రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలవడం) ఏమైనా ఉందేమో చూసుకోండి. ఫ్యూయల్ పంపు, హోస్‌ల మీద రీకాల్స్ వస్తూనే ఉంటాయి, ఉంటే ఆ పార్టు ఉచితంగా మారుస్తారు.

మిగిలిన పని చేయగలిగిందే, కాకపోతే పెట్రోల్ గురించి ఒక సంగతి గుండెకెక్కాలి. కాలేది నేల మీద పడ్డ పెట్రోల్ కాదు, దాని మీంచి లేచే ఆవిరి. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి దాన్నుంచి వస్తుంది, ఇక మన మే నెల ఎండలో చెప్పేదేముంది! ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు. నేల మీద పాకి, పల్లానికి, కాలవలోకి, సంపులోకి దిగి అక్కడే ఉంటుంది. గాలిలో ఆవిరి సుమారు 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. లెక్క వేసి చూడండి: 50 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం పెట్రోల్, ఆవిరైతే ఎనిమిది తొమ్మిది లీటర్లవుతుంది. అది 600 లీటర్ల గాలిని అంటుకునేలా చేయగలదు. 200 లీటర్ల డ్రమ్ములు మూడు! సెకనుకి ఒక్క చుక్క కారే లీకు గంటలో 180 మిల్లీలీటర్లు వదులుతుంది. 'చుక్కలే కదా' అన్న మాట ఇక్కడ చెల్లదు.

అందుకే ఈ పనికి చోటు ఎంచుకోవడమే సగం పని. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయొద్దు, ఎంత గాలి ఆడుతున్నట్టు అనిపించినా సరే. సెల్లార్ అంటేనే ఆవిరి దిగి నిలిచే గుంట. అక్కడే సంపు మోటారు ఉంటుంది, ఎవరూ స్విచ్ వేయకుండానే ఆటోమేటిగ్గా ఆన్ అవుతుంది. లిఫ్టు గుంత ఉంటుంది, కరెంటు మీటర్ల బోర్డు ఉంటుంది. ఇంటి పోర్టికో అయినా మూడు వైపులా గోడలుంటే బండిని బయటికి తోయాల్సిందే. స్టార్ట్ చేసి కాదు, చేత్తో తోసి. చదునుగా, నీడగా, గాలి ఆడే చోటు కావాలి. దగ్గర్లో గ్యాస్ గీజరు, వంటింటి కిటికీ, ఇన్వర్టరు, నడుస్తున్న కూలర్ ఉండకూడదు. తులసికోట దగ్గర దీపం, గుమ్మం పక్కన అగరుబత్తి మన ఇళ్లలో ఎవరికీ నిప్పులా అనిపించవు, కాబట్టి అవి ముందే చూసుకోండి. పక్కింటివాళ్లకీ ఒక మాట చెప్పండి, ఎవరూ సిగరెట్‌తో అటు రాకుండా. పిల్లల్ని, కుక్కని లోపల ఉంచండి.

ట్యాంకులో పెట్రోల్ పావు వంతుకన్నా తక్కువ ఉన్న రోజే ఈ పని పెట్టుకోవడం మేలు. నిండా ఉంటే హోస్ విప్పినప్పుడు దానంతట అదే కారుతూ ఉండొచ్చు, ముఖ్యంగా బండి ముందుభాగం పల్లంలో ఉంటే.

చేతికి అందే దూరంలో మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్, కనీసం 2 కిలోలది, ముల్లు పచ్చగీతలో ఉన్నది పెట్టుకున్నాను. బానెట్ పక్కన కాదు, నేను తప్పించుకుని పారిపోయే వైపు, నాలుగైదు అడుగుల దూరంలో. మంట బానెట్ దగ్గర లేస్తే, బానెట్ దగ్గరే ఉన్న సిలిండర్ మనకు అందదు. ఒక బకెట్ పొడి ఇసుక కూడా. నీళ్లు పనికిరావు, పెట్రోల్ వాటిమీద తేలి మంటను ఇంకా దూరం మోసుకుపోతుంది. చేతులకు నైట్రైల్ గ్లవుజులు. మామూలు తెల్ల లేటెక్స్ గ్లవుజులు పెట్రోల్ తగలగానే ఉబ్బి చిరుగుతాయి. కళ్లకు గాగుల్స్ తప్పనిసరి, లైన్లో మిగిలిన ప్రెషర్ మొదటి దెబ్బ ముఖం మీదికే కొడుతుంది. బట్టలు నూలువి, టెరికాట్, నైలాన్ వద్దు. పని మొదలుపెట్టే ముందు బండి బాడీలో రంగు లేని ఇనుముని ఒకసారి ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ దిగిపోతుంది. లైటు కావాలంటే బ్యాటరీ ఎల్‌ఈడీ టార్చ్, అది కూడా దూరంగానే ఆన్ చేసి తీసుకురావాలి. వైరు లాగి వేలాడేసే 230 వోల్టుల బల్బు పగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫోను ఇంట్లో పెట్టేయండి.

లీకు ఎక్కడుందో కనిపెట్టడం తొందరపడితే అయ్యే పని కాదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, సెల్ఫ్ కొట్టకుండా, తాళాన్ని ఆన్ దాకా తిప్పి రెండు మూడు సెకన్లు ఆగితే వెనక సీటు కింద పంపు చిన్నగా రొద చేసి ఆగుతుంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే లైన్లో ప్రెషర్ ఎక్కుతుంది. ఆన్ చేసేది ఇంకొకరు, చూసేది మీరు. జోరుగా చిమ్ముతున్న లీకయితే ఈ పరీక్ష కూడా వద్దు, తాళం తీసేసి చూడండి. పెట్రోల్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి తడి కోసం వెతికితే దొరక్కపోవచ్చు. వెతకాల్సింది శుభ్రమైన చోటు. ఇంజన్ గది అంతా దుమ్మూ జిడ్డూ పట్టి ఉంటే, లీకు కింద మాత్రం ఎవరో తుడిచినట్టు మచ్చ ఉంటుంది, పెట్రోల్ జిడ్డుని కడిగేస్తుంది కనుక. మా బండిలో స్టీలు పైపు కింద బొటనవేలంత మేర రంగు బయటపడి మెరుస్తోంది. పైన హోస్ చివర, క్లిప్పు అంచునే, రబ్బరు మీద అడ్డంగా సన్నటి పగుళ్లు. హోస్‌ని వేళ్లతో కొద్దిగా వంచితే ఒక పగులు నోరు తెరిచింది. తెల్లకాగితం ముక్క చుట్టి తాళం ఆన్ చేయిస్తే ఆ చోట కాగితం తడిసి గాజులా పారదర్శకంగా అయింది. ఖాయం.

వేరేచోట ఉండే లీకులకు వేరే గుర్తులు. ట్యాంకు నిండా కొట్టించిన రోజే వాసన వచ్చి, సగానికి దిగాక పోతే అది వెనక సీటు కింద పంపు మూత దగ్గరి రబ్బరు సీలో, పెట్రోల్ పోసే గొట్టం దగ్గరి హోసో. బండి ఆపి ఉన్నప్పుడే, ఎండలోనే వస్తుంటే ఆవిరి పీల్చుకునే బొగ్గు డబ్బా వైపు వెళ్లే సన్నపైపులు చూడండి. ఇంజెక్టర్ మొదట్లో తడి ఉంటే దాని ఓ-రింగు, అంటే గుండ్రటి రబ్బరు సీలు. హోస్ మీద గీతలు గీతలుగా పళ్ల గాట్లుంటే ఎలుక. అది ఒక్క హోస్‌తో వదలదు కాబట్టి వైరింగ్ అంతా పరీక్షగా చూడండి. కొరికిన వైరు, కారే పెట్రోల్ ఒకేచోట ఉండటం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు.

ఈ హోస్‌లు ఎందుకు పగులుతాయంటే, మొదటి కారణం వేడి, రెండోది వయసు. ఇప్పుడు మూడోది కూడా చేరింది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కి తట్టుకునే రబ్బరుతో వస్తున్నాయి. 2025 నాటికి బంకుల్లో దొరికేదంతా ఇంచుమించు అదే అయింది. పాత బండ్లలోని మామూలు నైట్రైల్ రబ్బరు ఇథనాల్‌కి ఉబ్బుతుంది, దాన్ని మెత్తగా ఉంచే పదార్థం మెల్లగా కరిగి పోతుంది. బండి కొన్నాళ్లు కదలకపోతే అదే రబ్బరు ఆరి గట్టిపడి పగులుతుంది. కొన్ని పాత బండ్లలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు ఈ20 మీద తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. అది పెద్ద ఖర్చు కాదనీ మామూలు సర్వీసులో చేయించుకోవచ్చనీ కూడా చెప్పింది. నా మాట అంతకన్నా సూటిగా ఉంటుంది: పదేళ్లు దాటిన బండిలో పెట్రోల్ హోస్‌లు లీకయ్యేదాకా ఆగకండి, ముందే మార్చేయండి.

కొత్త హోస్ కొనేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. విజయవాడ ఆటోనగర్ అయినా, సికింద్రాబాద్ రాణిగంజ్ అయినా, 'పెట్రోల్ పైపు ఒక మీటరు' అని అడిగితే చేతికి వచ్చేది మామూలు నల్ల పైపే. దాని మీద అక్షరాలు చదవండి. ఎస్ఏఈ (వాహనాల ప్రమాణాలు పెట్టే సంస్థ) 30ఆర్7 అని ఉంటే అది కార్బ్యురేటర్ బండ్లకి, మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ లైనుకి, 50 పీఎస్ఐ దాకా. 30ఆర్9 అని ఉంటే ఇంజెక్షన్ బండ్లకి, 100 పీఎస్ఐ దాకా, లోపలి పొర ఇథనాల్‌కి లొంగని ఫ్లోరో రబ్బరు. మన లైన్లో 3 బార్లంటే సుమారు 44 పీఎస్ఐ. టైర్లో మనం కొట్టించేది 30 చిల్లర. 44కి 50 సరిపోతుంది కదా అని ఆర్7 వేసేవాళ్లున్నారు. కొత్తలో ఆగుతుంది కూడా. కానీ ఇంజన్ వేడికి దాని పట్టు తగ్గుతుంది, ఏ ఎండాకాలంలోనో క్లిప్పు దగ్గర ఊడుతుంది. అక్షరాలే లేని పైపు ఎంత మందంగా ఉన్నా వద్దు. రేడియేటర్ హోసు, గ్యాస్ స్టవ్ నారింజరంగు ట్యూబు, ఎయిర్ కంప్రెషర్ పైపు ఇవేవీ పెట్రోల్‌కి కావు.

సైజు కూడా కళ్లతో అంచనా వేయొద్దు. పాత ముక్క తీసుకెళ్లండి లేదా స్టీలు పైపు బయటి కొలతను కాలిపర్‌తో చూడండి. మా బండిలో అది 8 మిల్లీమీటర్లు, దానికి 5/16 అంగుళం హోస్, అంటే లోపలి కొలత 7.9. రిటర్న్ లైను ఉన్న బండ్లలో అది సాధారణంగా సన్నది, 6 మిల్లీమీటర్ల దగ్గర. వదులు హోస్‌ని క్లిప్పు బిగించి సరిపెట్టడం కుదరదు, రబ్బరు ఒకచోట ముడత పడుతుంది, ఆ ముడతలోంచే కారుతుంది.

క్లిప్పులు అంతకన్నా ముఖ్యం. మామూలు వాటర్ హోస్ క్లిప్పుకి పట్టీ మీద గాళ్లు కోసి ఉంటాయి, బిగించినకొద్దీ రబ్బరు ఆ గాళ్లలోకి పొంగి తెగుతుంది. మా పాత హోస్ మీద పగుళ్లు మొదలైంది కూడా ఆ గాళ్ల అచ్చు పడిన గీత దగ్గరే. కావాల్సింది ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లాంప్: పట్టీ నున్నగా, అంచులు పైకి తిరిగి, చిన్న బోల్టుతో చుట్టూ సమానంగా బిగిసేది. పాత హోస్‌కి స్ప్రింగ్ క్లిప్పు ఉన్నా దాన్ని మళ్లీ వాడొద్దు, కొత్తవి రెండు తీసుకోండి.

ఇక అసలు పని. మొదట ట్యాంకు మూత తీసి, బుస్సుమని గాలి పోయాక మళ్లీ పెట్టండి, ఎండలో ట్యాంకులోనే కొంత ఒత్తిడి ఉంటుంది. తర్వాత లైన్లో ప్రెషర్ దింపాలి. మామూలుగా చెప్పే పద్ధతి: ఫ్యూజ్ బాక్సులో ఫ్యూయల్ పంపు ఫ్యూజో రిలేయో పీకి, ఇంజన్ స్టార్ట్ చేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడపడం, ఆగాక రెండు మూడు సెకన్ల చొప్పున ఇంకో ఒకటి రెండుసార్లు సెల్ఫ్ కొట్టడం. ఈ పద్ధతి ఫిల్టర్ మార్చుకునే పనికి బాగానే ఉంటుంది. కానీ ఇంజన్ గదిలోనే కారుతున్న లీకుకి ఇది పనికిరాదు. కారుతున్న చోటే సెల్ఫ్ మోటారు, ప్లగ్గు వైర్లు, వేడెక్కే సైలెన్సర్ మానిఫోల్డ్ ఉంటాయి. అందుకని ఫ్యూజ్ పీకేసి, స్టార్ట్ చేయకుండా రాత్రంతా ఆరుబయట వదిలేశాను. ఎలాగూ లీకుంది కాబట్టి ప్రెషర్ దానంతట అదే దిగిపోతుంది. కింద వెడల్పాటి ఇనుప ట్రే పెట్టాలి, ప్లాస్టిక్ టబ్బు కాదు. ఫ్యూజ్ ఏదో మూత వెనకాల బొమ్మలో ఉంటుంది. తీశాక తాళం ఆన్ చేయించి చూస్తే వెనక పంపు రొద వినిపించకూడదు, అప్పుడే మీరు తీసింది సరైనదని.

పొద్దున తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, అది మళ్లీ వెళ్లి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు వంచాను. ఇది విప్పేటప్పుడు చిన్న రవ్వ రావచ్చు, కాబట్టి హోస్ విప్పకముందే, వాసన లేనప్పుడే చేయాలి. హోస్ విప్పాక బ్యాటరీ జోలికి పోకూడదు.

విప్పే చోట మందపాటి నూలుగుడ్డ చుట్టి, క్లిప్పు వదులు చేసి, హోస్‌ని ప్లయర్‌తో మెల్లగా పట్టుకుని ముందు అటూ ఇటూ తిప్పాలి. లాగడం కాదు. ఏళ్లుగా అతుక్కున్న రబ్బరు తిప్పితేనే వదులుతుంది. వదిలే క్షణంలో గుడ్డలోకి కొంచెం పెట్రోల్ వస్తుంది, ఎంత ప్రెషర్ దించినా వస్తుంది. రాకపోతే బ్లేడుతో చీల్చాలి, అది జాగ్రత్తగా. పైపు మీదికి బ్లేడు దిగి నిలువు గీత పడిందా, కొత్త హోస్ ఎంత మంచిదైనా ఆ గీత వెంటే పెట్రోల్ నడుచుకుంటూ వస్తుంది. రైలు వైపు ముక్కు ప్లాస్టిక్‌ది అయితే ఈ గీత మరీ సులువుగా పడుతుంది. అందుకే నేను పైపు దాకా కోయకుండా ముప్పాతిక మందం మాత్రమే చీల్చి, మిగతాది చిన్న స్క్రూడ్రైవర్‌తో విప్పుతాను. విప్పగానే రెండు చివరలకూ సరిపోయే శుభ్రమైన రబ్బరు మూతలు తొడగండి. ఇక్కడ దుమ్ము పడితే ఆపడానికి పెద్ద ఫిల్టర్ లేదు, అది వెనకే ఉండిపోయింది. దుమ్ము నేరుగా ఇంజెక్టర్ దాకా పోతుంది.

స్టీలు పైపు చివర తుప్పు ఉందేమో వేలుగోరుతో గీకి చూడండి. పైన తుప్పు మరక ఉంటే గుడ్డతో తుడిస్తే పోతుంది. గుంటలు పడి ఉంటే ఆ పైపే మార్చాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే, ముఖ్యంగా బండి కింద పైపు ప్లాస్టిక్ క్లిప్పులో కూర్చునే చోట, తడి నిలిచి. తుప్పు ముక్క కోసేసి మధ్యలో రబ్బరు హోస్ అతికించడం రోడ్డు పక్క మామూలుగా చేస్తారు. కోసిన పైపు చివర ఉబ్బెత్తు అంచు ఉండదు కాబట్టి ప్రెషర్‌కి హోస్ జారిపోతుంది. ఆ ఉబ్బెత్తు అంచు తయారుచేసే పనిముట్టు లేకపోతే అది వర్క్‌షాప్‌కి వదిలేయాల్సిన పనే.

కొత్త హోస్‌ని పాతదానికన్నా ఓ అర అంగుళం పొడుగ్గా, కొత్త బ్లేడుతో ఒకే కోతలో, అడ్డంగా నిటారుగా కోయాలి. హాక్సా బ్లేడు వద్దు, అది రాల్చే రబ్బరు పొడి కళ్లకు కనిపించదు గానీ ఇంజెక్టర్‌కి తెలుస్తుంది. కోశాక లోపలికి గాలి ఊది చూడండి. క్లాంపులు ముందే హోస్‌కి ఎక్కించాలి, తర్వాత ఎక్కవు. పైపు కొసకి వేలితో చుక్క శుభ్రమైన ఇంజన్ ఆయిల్ రాస్తే హోస్ సాఫీగా ఎక్కుతుంది. గ్రీజు, సబ్బు, టెఫ్లాన్ టేపు వద్దు. టెఫ్లాన్ పోగులు తెగి లోపలికి పోతాయి, పైగా హోస్ పట్టు తగ్గిస్తాయి. హోస్ ఉబ్బెత్తు అంచు దాటి, మొత్తం కనీసం 25 మిల్లీమీటర్లు పైపు మీదికి రావాలి. క్లాంపు కూర్చోవాల్సింది ఆ ఉబ్బు మీద కాదు, దాటాక, ఉబ్బుకీ హోస్ చివరకీ మధ్య. ఉబ్బు మీదే బిగిస్తే క్లాంపు మెల్లగా జారి ఊడుతుంది, మరీ చివరన బిగిస్తే హోస్ చీలుతుంది. బిగింపు ఎంతంటే, పట్టీ అంచు పక్కన రబ్బరు కాస్త పొంగినట్టు కనపడాలి, హోస్ చేత్తో తిప్పితే తిరగకూడదు. అంతే. ఇంకో అరచుట్టు అనేదే లోపలి పొరను కోస్తుంది.

తొడిగాక హోస్ మెలి తిరిగి ఉండకూడదు, మానిఫోల్డ్‌కి తగలకూడదు, ఏ అంచుకీ రాసుకోకూడదు. కంపెనీ పెట్టిన ప్లాస్టిక్ హోల్డరు ఉంటే అందులోనే కూర్చోబెట్టండి. ఇంజన్ కదులుతుంది, బాడీ కదలదు, ఆ రెంటి మధ్య హోస్‌కి కాస్త వదులుండాలి. ఆ అర అంగుళం అందుకే.

కొన్ని బండ్లలో ఇక్కడ రబ్బరు హోస్ బదులు గట్టి నైలాన్ పైపు, రెండు చెవుల క్విక్ కనెక్టర్ ఉంటాయి. చెవులు రెండూ నొక్కి లాగితే వస్తుంది. దాని లోపలి ఓ-రింగు లీకైతే ఆ పైపు అసెంబ్లీ మొత్తం మార్చడమే, నైలాన్ పైపు కోసి హోస్ తొడిగి క్లిప్పు బిగిస్తే నిలవదు. పెట్టేటప్పుడు క్లిక్‌మని వినపడాలి, వినపడ్డాక కూడా ఒకసారి వెనక్కి లాగి చూడాలి. క్లిక్ కాకుండా కూర్చున్నది కూడా పైకి సరిగ్గానే కనిపిస్తుంది.

కారిన పెట్రోల్‌ని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డల్ని ఆరుబయట దూరంగా తాడు మీద విడివిడిగా ఆరేయండి. ముద్ద చేసి డిక్కీలోనో చెత్తబుట్టలోనో వేయకండి. ట్రేలో పడింది మూత గట్టిగా ఉండే ఇనుప డబ్బాలో పోయండి, నీళ్ల బాటిల్లో కాదు. కాలవలో అసలే కాదు. తర్వాత బానెట్ ఎత్తి ఒక అరగంట వదిలేయండి. వాసన పూర్తిగా పోయాక, ఫ్యూజ్ ఇంకా బయటే ఉండగా, బ్యాటరీ టెర్మినల్ బిగించండి. ఆ తర్వాతే ఫ్యూజ్ పెట్టండి.

ఇప్పుడు పరీక్ష. హోస్ రెండు చివరలకీ తెల్లకాగితం చుట్టి, ఒకరిని తాళం దగ్గర కూర్చోబెట్టి, ఆన్, రెండు మూడు సెకన్లు, ఆఫ్. ఇలా నాలుగైదు సార్లు, సెల్ఫ్ కొట్టకుండా. లైను నిండి ప్రెషర్ పూర్తిగా ఎక్కుతుంది. కాగితం ఎక్కడా తడవకపోతే అప్పుడు స్టార్ట్. సిలిండర్ పిన్ను దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడండి. ఐడిల్‌లో పది నిమిషాలు, మధ్యమధ్య కాస్త రేస్ చేసి చూడాలి. ఇంజన్ కదిలినప్పుడే హోస్ చివర ఒత్తిడి మారుతుంది. ఆపాక వేడికి లైన్లో ప్రెషర్ కొంచెం పెరుగుతుంది కాబట్టి ఇంకో పది నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. కొన్ని లీకులు నడుస్తున్నప్పుడు కాదు, ఇక్కడే బయటపడతాయి. ఒక్క చుక్క కనిపించినా ఆపేయండి. అప్పుడు ఇంకా బిగించడం కాదు, విప్పి మళ్లీ తొడగండి.

పొరపాటున మంట లేస్తే తాళం ఆపి అందరినీ దూరంగా పంపండి. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి అంది మంట పైకి లేస్తుంది, సందులోంచి అడుగు భాగానికి పౌడర్ కొట్టండి. సిలిండర్ అయిపోయేలోపు ఆరకపోతే బండిని వదిలి 101కి ఫోన్ చేయండి. పెట్రోల్ కంట్లో పడితే పావుగంట నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి. నోటితో పైపు పెట్టి పెట్రోల్ లాగడం పాత అలవాటు, మానుకోవాలి. అది ఊపిరితిత్తుల్లోకి ఒక్క గుక్క పోయినా ప్రాణాంతకం. మింగినవాళ్లని కక్కించకూడదు, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

లీకున్న హోస్ మీద ఎంసీల్ ముద్ద పెట్టడం, సైకిల్ ట్యూబు చుట్టి తీగ కట్టడం గురించి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఎపాక్సీ ముద్ద తడి రబ్బరుకి పట్టదు. ట్యూబు రబ్బరు పెట్రోల్‌లో ఉబ్బి జావ అవుతుంది. అది లీకుని ఆపదు, మన కంటికి కనిపించకుండా దాస్తుంది. దారిలో లీకు కనిపిస్తే బండి ఆపి టోయింగ్‌కి ఫోన్ చేయడం ఒక్కటే మార్గం.

కొత్త హోస్ రబ్బరు మొదటి కొన్ని వేడి, చల్లదనాల తర్వాత కాస్త కుదించుకుంటుంది. అందుకని ఓ వారం తిరిగాక, చల్లని ఇంజన్ మీద, క్లాంపు బోల్టు మళ్లీ ఒకసారి స్పానర్‌తో ముట్టుకుని చూడండి, పావు చుట్టు తీసుకుంటే తీసుకుంటుంది. అప్పుడే పక్కన ఉన్న రిటర్న్ హోస్‌నీ, ఫిల్టర్ దగ్గరి ముక్కలనీ వేళ్లతో వంచి చూడండి. ఒకటి పగిలిందంటే మిగతావీ అదే వయసు, అదే వేడి తిన్నవి. మా బండిలో రిటర్న్ హోస్ ఇంకా కారడం లేదు గానీ వంచితే అడ్డగీతలు పడుతున్నాయి, దాన్ని కూడా మార్చేశాను.